బత్తా కుర్చీ

మా సంఘంలో ఒక అబ్బాయి జిమ్నాస్టిక్స్ కోచ్‌గా పనిచేస్తున్నాడు. మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ నన్నడిగాడు. "తాతగారూ, మీ రోజుల్లో పోటీలకు పిల్లల్ని తీసుకెళ్తే మీకేమైనా ఇచ్చేవారా?"

ఇప్పుడు వాళ్లకు రోజుకు ఇంతని, బసకు ఇంతని, పోటీకి ఇంతని ఒక పద్ధతి ఉందట. ఆ పద్ధతిలో ఏదో తేడా వచ్చినట్టుంది, మొహం వాడిపోయి ఉంది. "ఇచ్చేవారు బాబూ. కాని పిల్లల్ని చూసుకున్నందుకు కాదు" అన్నాను. అతనికి అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదు గనక ఇంటికొచ్చి రాస్తున్నాను. అతనిలాంటి పిల్లలు ఇంకెవరైనా ఉంటే వాళ్లూ చదువుకోవచ్చు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను అరకు లోయలోని ఒక మిషన్ బడికి డ్రిల్లు మాస్టరుగా వెళ్లాను. కోచ్ అనే మాట అప్పటికింకా మా ఘాట్ రోడ్డు ఎక్కలేదు. పొద్దున్న పిల్లల చేత కసరత్తు చేయించాలి, సాయంత్రం ఆటలాడించాలి, ఆదివారం గుడిలో గంట కొట్టాలి. ఇవన్నీ కలిపి డ్రిల్లు మాస్టరు ఉద్యోగం.

పోటీల సంగతి ఇలా ఉండేది. పోటీలు పెట్టే కమిటీ తన కోసం పనిచేసేవాళ్లకు మాత్రమే డబ్బిచ్చేది. ఈల ఊదేవాడు, గడియారం పట్టుకునేవాడు, బల్ల దగ్గర కూర్చుని మార్కులు వేసేవాడు, వీళ్లకు రోజు బత్తా ఉండేది. ఆఖరి రోజున రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని చేతికిచ్చేవారు. ఏడాది పొడుగునా పిల్లల్ని తయారుచేసి, చలిలో వెంటబెట్టుకొచ్చి, పక్కన నిలబడే మాస్టరు మాత్రం కమిటీ దృష్టిలో వేడుక చూడ్డానికి వచ్చినవాడే. వాడి తిండి, వాడి దారి ఖర్చు వాడి బడే చూసుకోవాలి. అందుకని డ్రిల్లు మాస్టర్లందరికీ మార్కుల బల్ల దగ్గర కుర్చీ మీదే కన్ను. దానికి మేం బత్తా కుర్చీ అని పేరు పెట్టుకున్నాం. "గుంటల దగ్గరుంటే పున్నెం, కుర్చీలో ఉంటే బత్తా" అని ఒకళ్లనొకళ్లు ఎత్తిపొడుచుకునేవాళ్లం. మా వైపు గుంటలంటే పిల్లలు.

ఆ కుర్చీకి ఒక నియమం ఉంది. అందులో కూర్చున్నవాడు తన బడి పిల్లలతో మాట్లాడకూడదు, వాళ్ల దగ్గరకు వెళ్లకూడదు, వాళ్ల వంతు వచ్చినప్పుడు కలం కింద పెట్టి చేతులు కట్టుకోవాలి. నియమం తప్పి లేచి వెళ్తే అతని బత్తా పోతుంది, ఆ పిల్లవాడి మార్కులూ పోతాయి. న్యాయమైన నియమమే. దాన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను.

మా బడి వెనక రెండు గుగ్గిలం దుంగలు పాతి, రోడ్డు కంట్రాక్టరు వదిలేసి వెళ్లిన ఇనుప కడ్డీని వాటికి బిగించి సింగిల్ బారు చేశాం. కింద పారే గెడ్డలోంచి మోసుకొచ్చిన ఇసుక పోశాం. ఆ బారు మీద కొండదొర తెగ కుర్రాడు ఒకడు నాకు దొరికాడు. దొరికాడు అనే అంటాను, ఎందుకంటే నేను నేర్పింది తక్కువ. చేతులు చాచి, కాళ్లు బిగించి, కడ్డీ చుట్టూ నిండు చుట్టు తిరగడం ఒక వానాకాలంలో పట్టేశాడు. మైదాన ప్రాంతపు పెద్ద బడుల పిల్లలకు కూడా అది అంత తొందరగా రాదు.

కాని వాడితో ఒక చిక్కు వచ్చిపడింది. తిరిగేవాడు, తిరిగేవాడు, వదలమంటే వదిలేవాడు కాదు. చివరి చుట్టులో చేతులు వదిలి, గాలిలోకి లేచి, కాళ్ల మీద నిలబడితేనే ఆ విద్య పూర్తవుతుంది. నేను కింద చేతులు చాచి నిలబడి బతిమాలేవాణ్ణి, కసిరేవాణ్ణి. వాడు మెల్లగా ఊపు తగ్గించుకుని, దుంగ పట్టుకుని జారి దిగిపోయేవాడు. భయమా అని ఒకరోజు అడిగాను.

"భయం నేదు. నువ్వు తట్టనేదు కదా మాస్టరూ" అన్నాడు.

కొండ పిల్లలకు మీరు అనే మాట అలవాటు లేదు. దేవుణ్ణీ నువ్వే అంటారు, డ్రిల్లు మాస్టర్నీ నువ్వే అంటారు. ఆ సంగతికి నేను అప్పటికే అలవాటుపడ్డాను. తట్టడమేమిటో మాత్రం తెలియలేదు. వాడే చెప్పాడు. వాళ్లు కల్లు తీసే జీలుగు చెట్టు నిలువుగా చాలా ఎత్తు పోతుంది. కల్లు దింపేవాడికి మొహం మానుకేసి ఉంటుంది, చేతిలో కుండ ఉంటుంది, కిందేముందో కనబడదు. కిందున్న మనిషి మానును అరచేత్తో చరుస్తాడు. నేనున్నాను, దిగు అని దానికర్థం. ఆ చరుపు అందే దాకా పైవాడు దిగడు. వానొచ్చినా అలాగే పట్టుకుని ఉంటాడు. వాళ్ల నాన్న అలాగే చేస్తాడు, తాత అలాగే చేసేవాడు.

మర్నాడు నేను కర్రతో దుంగ మీద ఒక్కటి తట్టాను. వాడు ఆ చుట్టులోనే చేతులు వదిలి, నా తల మీదుగా వచ్చి, ఇసుకలో కర్ర పాతినట్టు నిలబడ్డాడు. ఆ తట్టు చెవికి వినపడేది కాదు. దుంగలోంచి కడ్డీలోకి, కడ్డీలోంచి అరచేతిలోకి వెళ్తుంది. పక్కన మేళం వాయిస్తున్నా వాడికి తెలుస్తుంది.

కల్లుచెట్టు ఆచారాన్ని మిషన్ బడిలోకి తెచ్చానని మా సంఘపెద్ద ఒకరు నొచ్చుకున్నారు. తట్టితే కల్లు రాదండీ, పిల్లవాడు వస్తున్నాడు అని సర్దిచెప్పాను.

ఆ చలికాలం ఏజెన్సీ బడులన్నిటికీ పోటీలు పెట్టారు. మా లోయకు దూరంగా, కొండల్లోనే ఉన్న ఒక సంత ఊరిలో జరిపారు. మా హెడ్మాస్టరుగారు బడి పెట్టె తెరిచి చూసి, నాకూ నలుగురు పిల్లలకూ వెళ్లడానికి మాత్రం బస్సు ఖర్చు ఇవ్వగలనన్నారు. తిరుగు దారి నా బత్తా మీద రావాలి. అంటే నేను కుర్చీలో కూర్చోవాలి, బారు కింద ఇంకెవరో నిలబడాలి.

ఆ ఇంకెవరో మా ఉపదేశిగారు. వారంలో ఆరు రోజులు బడిలో తెలుగు చెప్పేవారు, ఏడో రోజు వాక్యం చెప్పేవారు. భారీ మనిషి, బొబ్బిలి వైపు నుంచి వచ్చారు. ఎత్తు చూస్తే కళ్లు తిరుగుతాయి గనక పైకి చూడకుండా తడతానన్నారు. మొదట్లో కళ్లు మూసుకుని ప్రార్థనలో పడి తట్టడం మరిచిపోయేవారు. కుర్రాడు పైన తిరుగుతూనే ఉండేవాడు. పది రోజులు సాధన చేయించాక కుదిరింది. ఆయన బస్సు ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. బయలుదేరే ముందు ఆదివారం ఆయన జీతగాడి గురించీ కాపరి గురించీ ప్రసంగించారు. తోడేలు వస్తే మంద దగ్గర కాపరి నిలబడతాడు, జీతగాడు పారిపోతాడు, మీకు తెలిసిన సంగతే. నాకూ తెలిసిన సంగతే గనక సగం వినలేదు, పిల్లల నిక్కర్లకు కుట్లు పడ్డాయా లేదా అని ఆలోచిస్తున్నాను.

పోటీలకు పెద్ద నిర్ణేత మైదాన ప్రాంతం నుంచి వచ్చిన సీనియర్ డ్రిల్లు మాస్టరు. యుద్ధంలో బర్మా దాకా వెళ్లొచ్చిన మనిషి. అందరూ హవల్దారు మాస్టారు అనేవారు. కుర్చీలు పంచేది ఆయనే. మంచులో ఆయన తెచ్చిన మనుషులందరూ దుప్పట్లు కప్పుకుని వణుకుతుంటే నన్ను చూసి, "ఏటయ్యా కొండ మాస్టరూ, చలికి అలవాటు పడ్డ ముడ్డి నీది. నువ్వు కూకో" అని బారు దగ్గర బల్లకు నన్ను వేశారు. చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరుగు దారి దొరికింది కదా అని లోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మొదటి రోజు పరుగులు, గెంతులు అయ్యాయి. రెండో రోజు పొద్దున్నే సింగిల్ బారు. పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి చుట్టూ తాడు కట్టారు. ఉపదేశిగారు బారు పక్కన చేతికర్రతో సిద్ధంగా ఉన్నారు. మా వాడు ఆయన్ని చూసి తల ఊపాడు. నా కళ్లకు అంతా సరిగ్గానే ఉంది.

అప్పుడు హవల్దారు మాస్టారు లేచి ఒక మాట ప్రకటించారు. నిన్న ఎవరో మాస్టరు తాడు పక్కన నిలబడి తన పిల్లవాడికి సైగలు చేశాడట. ఇకమీదట బడుల తాలూకు మనుషులెవరూ తాడు లోపల ఉండకూడదు. పడితే పట్టుకోడానికి కమిటీయే ఇద్దరు కానిస్టేబుళ్లను పెట్టింది. ఆ మాటతోనే ఒక వాలంటీరు వచ్చి ఉపదేశిగారిని మర్యాదగా చెయ్యి పట్టుకుని తాడు అవతలికి తీసుకుపోయాడు. ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను హవల్దారు మాస్టారి వైపు ఒంగి, మా పిల్లవాడు దిగేటప్పుడు దుంగ మీద ఒక్క తట్టు తట్టాలని, లేకపోతే దిగడని చెప్పాను.

"తట్టడమేటి? తడితే అది సైగే కదా" అన్నారాయన.

"సైగ కాదండీ, కింద మనిషున్నాడని చెప్పడం."

"ఇద్దరున్నారు కదయ్యా, కనబడతన్నారు కదా. నీ గుంటడి కోసరం ఒక రూలు, ఊరందరికీ ఒక రూలా?"

వాడితో ఒక్కసారి మాట్లాడి వస్తానన్నాను. కుర్చీ దిగితే బత్తా లేదు, వాడికి మార్కులు లేవు, తెలుసు కదా అన్నారు. తెలుసునన్నాను. అలాగే కూర్చుండిపోయాను. మా వాడి వంతు ఇంకా దూరం ఉంది. ఈలోపు ఏదో ఒకటి జరగకపోదు అనుకున్నాను. తాడు అవతల ఉపదేశిగారు వాలంటీరుతో వాదిస్తున్నారు. పిల్లలు కూర్చున్న వైపు వెళ్లబోతే మళ్లీ ఆపారు. ఒక్కొక్క పేరే పిలుస్తున్నారు. ఒక్కొక్కడే ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. నేను మార్కులు వేస్తున్నాను. ఏం వేశానో దేవుడికే తెలియాలి.

మా వాణ్ణి పిలిచారు. వాడు చేతులకు సుద్దపొడి రాసుకుని, ఉపదేశిగారి కోసం చూశాడు. కనబడలేదు. చుట్టూ చూసి, బల్ల దగ్గరున్న నన్ను చూపుతో పట్టుకున్నాడు. నేను కలం కింద పెట్టి చేతులు కట్టుకుని ఉన్నాను. నా మొహంలో ఏమీ కనబడకూడదు గనక కనబడనివ్వలేదు. వాడు మాత్రం నవ్వాడు. మాస్టరున్నాడు కదా, ఇంకేం అనుకున్నట్టుంది. కానిస్టేబులు ఎత్తి అందిస్తే కడ్డీ పట్టుకున్నాడు.

చేయాల్సినవన్నీ చక్కగా చేశాడు. తర్వాత నిండు చుట్లు మొదలుపెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. దిగాల్సిన చోటు వచ్చింది. వాడు దిగలేదు. మరో చుట్టు తిరిగాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. నా పక్క కుర్చీలో మాస్టరు, "పొగరు సూసినావా నీ వోడికి" అన్నాడు.

పొగరు కాదని నాకు తెలుసు. ఆ మైదానంలో నాకూ, ఉపదేశిగారికీ, మా ముగ్గురు పిల్లలకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. వాడు తట్టు కోసం చూస్తున్నాడు. ఊపు తగ్గించుకుని దిగడం వాడికి వచ్చు, కాని అలా దిగొద్దని చెప్పి చెప్పి మాన్పించింది నేనే. తట్టే దాకా ఊపు పోనివ్వకు అని నేనే నూరిపోశాను. తాడు అవతలి నుంచి ఉపదేశిగారు దిగిపోరా, దిగిపోరా అని అరుస్తున్నారు. చప్పట్లలో ఆ అరుపు నాకే సరిగ్గా వినపడలేదు. వినపడినా వాడు నమ్మేది చెవిని కాదు.

చుట్టు తర్వాత చుట్టు. మంచుకు కడ్డీ తడిసి ఉంది. వాడి పట్టు అరచేతుల్లోంచి వేళ్లలోకి జారుతున్నట్టు బల్ల దగ్గరికే కనబడుతోంది. కుడిచేయి ఒకసారి సర్దుకున్నాడు. చేతులు వాటంతట అవి వదిలేస్తే వాడు ఏ వైపు పోతాడో చెప్పలేం. కానిస్టేబుళ్లు ముందువైపు నిలబడి నవ్వుతూ చూస్తున్నారు. వెనక్కి పోతే అక్కడ ఇసుక లేదు, రాతి గట్టు ఉంది.

నేను ప్రార్థించాను. ఏమని ప్రార్థించాలో తెలియలేదు. వాడు వదలకుండా చూడు ప్రభువా అనాలా, వదిలేటట్టు చెయ్యి ప్రభువా అనాలా? రెండూ అన్నాను. లేస్తే వాడి మార్కులు పోతాయి. ఇంత బాగా చేసిన పిల్లవాడి మార్కులు నా చేత్తో ఎలా తుడిచేయను? లేస్తే మా పిల్లలు ఇంటికెలా చేరతారు? ఇంకొక్క చుట్టు చూద్దాం, వాడే దిగుతాడేమో. ఇలా అనుకుంటూ ఇంకొక్క చుట్టు చూశాను. ఆ చుట్టులో వాడి మొహం ఒక్క క్షణం తలకిందులుగా నా వైపుకి వచ్చింది. నొప్పి ఉంది గాని, అనుమానం లేదు. వస్తుంది, తట్టు వస్తుంది అన్న మొహం.

కుర్చీ ఎప్పుడు వదిలానో గుర్తులేదు. బల్ల మీది సిరాబుడ్డి పడిపోయిందని తర్వాత చెప్పారు. పరుగెత్తుకెళ్లి ఇనుప స్తంభాన్ని అరచేత్తో చరిచాను.

ఆ చుట్టులోనే వదిలాడు. పైకి లేచి, తిరిగి, ఇసుకలో రెండు కాళ్ల మీద దిగాడు. ఒక్క అడుగు కదల్లేదు. అప్పుడు చేతులు చూసుకున్నాడు. రెండు అరచేతుల తోలూ లేచిపోయి నెత్తురు కారుతోంది. ఉపదేశిగారు తాడు కిందనుంచి దూరి వచ్చి, తన ఉత్తరీయం చింపి కట్టు కట్టారు. కడుతూ ఏడుస్తున్నారు. వాడు ఆయన్ని వింతగా చూస్తున్నాడు.

వాడి పేరుకు ఎదురుగా గీత కొట్టేశారు. సాయంత్రం బత్తాలు పంచేచోట నేను వరసలో నిలబడలేదు. హవల్దారు మాస్టారే నా దగ్గరికొచ్చి, మీసం సవరించుకున్నారు.

"కుర్చీ దిగిపోనావు. నానేటి సెయ్యనేను" అన్నారు. మళ్లీ తనే, "కాని ఆడి తిరుగుడు నా సర్వీసులో సూడనేదయ్యా" అన్నారు. వెళ్తూ వెళ్తూ తన భోజనం టిక్కెట్లు మా పిల్లల చేతిలో పెట్టారు. ఆ పూట పిల్లలు కడుపునిండా తిన్నారు. ఆయన ఏం తిన్నారో నాకు తెలియదు.

ఇప్పుడు పద్ధతులు మారాయి. నిర్ణేత బత్తా వేరు, కోచ్ బత్తా వేరు. పిల్లవాడు బారు మీద ఉంటే కోచ్ కిందనే నిలబడొచ్చు, నిలబడినందుకు డబ్బు కూడా ఇస్తారు. ఎంత మంచి రోజులు! ఆ డబ్బు అడగడానికి సిగ్గుపడకండి. పనివాడు కూలికి పాత్రుడని మన ప్రభువే చెప్పాడు. జీతం తీసుకున్నంత మాత్రాన ఎవరూ జీతగాడు అయిపోరని ఆ ప్రసంగాన్ని ఉపదేశిగారు తర్వాత నాకు మరోసారి విడమరిచి చెప్పారు. మిమ్మల్ని ఎవరైనా పనికి పిలిస్తే ఎంతిస్తారని తప్పక అడగండి. ఎక్కడ నిలబడమంటారని కూడా అడగండి. రెండో ప్రశ్న నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్నే నడక మొదలుపెట్టాం. బస్సు మా పక్కనుంచే వెళ్లిపోయింది. అందులో మాస్టర్లు చేతులూపారు. పిల్లలకు నడక ఒక లెక్క కాదు, పాటలు పాడుకుంటూ ముందు పోతున్నారు. ఉపదేశిగారు ఆయాసపడుతూ వెనక వస్తున్నారు. అల్లం మూటల లారీ ఏదైనా ఎక్కించుకుంటుందేమోనని మలుపు మలుపుకీ ఆగి చూస్తున్నారు. మా వాడి మూట నేను మోస్తున్నాను. వాడు కట్లు కట్టిన చేతులు రెండూ ఛాతీకి ఆనించుకుని నా పక్కన నడుస్తున్నాడు. వాళ్ల పాటల్లో కలవడం లేదు. మార్కులు పోయినందుకు బాధపడుతున్నాడనుకున్నాను. ఎలా ఓదార్చాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను.

చాలా దూరం నడిచాక తలెత్తి అడిగాడు. "మాస్టరూ, నిన్న నువ్వు బేగి తట్టనేదేటి?"

వాడికి వేరే అనుమానమేమీ లేదు. నేను తట్టనేమోనన్న ఆలోచనే వాడికి రాలేదు. ఎందుకు ఆలస్యమైందన్నదొకటే తెలియాలి.

మార్కుల గురించీ, బత్తా గురించీ, నియమం గురించీ చెప్పబోయాను. అవేవీ ఆ ప్రశ్నకు జవాబులు కావు. "కుర్చీ దూరంగా వేశార్రా" అన్నాను.

వాడు దాని గురించి కొంచెం దూరం ఆలోచించుకుంటూ నడిచాడు.

"మరోపాలి దగ్గరికేసుకో" అన్నాడు.